పేరున్న చోట ఖాళీ

పుణె,
12 జూలై 2025

అత్తకు సారిక నమస్కారాలు.

నువ్వు ఫోన్ ఎత్తక ఇవాళ్టికి ఇరవై రెండు రోజులు. రింగవుతుంది, ఆగిపోతుంది. మొదట ఛార్జింగ్ లేదేమో అనుకున్నాను. మా బాపుకు ఫోన్ చేస్తే, "మంచిగనే ఉన్నది, రోజు మోంఢా మార్కెట్ల పనికి పోతున్నది. ఫోన్ మాత్రం ముట్టుకుంటలేదు. ఏమైందో నన్నడగకు, ఆమెనే అడుగు" అన్నాడు. ఫోన్ ఎత్తని మనిషిని ఎలా అడగాలి? అందుకే ఈ ఉత్తరం. పోస్టాఫీసులో కవరు కావాలంటే కౌంటర్లో కూర్చున్నాయన నన్ను ఎగాదిగా చూశాడు.

నేను చదివిన బడి అంతా మరాఠీ. తెలుగు అక్షరాలు నేర్పింది నువ్వే. సెలవులకు నాందేడ్ వస్తే కంచంలో జొన్నపిండి పోసి, నా వేలు పట్టుకుని రాయించేదానివి. "మాట్లాడేటప్పుడు ఎట్లన్న మాట్లాడు, రాసేటప్పుడు మాత్రం పుస్తకంల ఉన్నట్టు రాయాలె" అనేదానివి. చూడు, ఎంత బుద్ధిగా రాస్తున్నానో.

మా స్టూడియోలో సమ్మె నడుస్తోంది. ఈరోజుకు పద్నాలుగో రోజు. నా పనేంటో ఎన్నిసార్లు చెప్పినా నువ్వు "ఆటలకు చప్పుళ్ళు పెట్టే పని" అంటావు. అదే సరైన పేరు. ఫోన్లో ఆడే యుద్ధం ఆటకు గుర్రం డెక్కల చప్పుడు, కత్తుల చప్పుడు, మనుషుల గొంతులు, అన్నీ మేమే పెట్టాం. ఇప్పుడు అవన్నీ ఒక మెషీన్‌కు నేర్పేసి, మాలో సగం మందిని ఇంటికి పొమ్మంటున్నారు. అందుకని నలభై మందిమి గేటు ఎదుట టార్పాలిన్ కట్టుకుని కూర్చున్నాం. నాతో పనిచేసే ప్రాజక్త మా నాయకురాలు. మామూలుగా గొంతు పిల్లి కూతలా ఉంటుంది, మైకు ఇస్తే వీధంతా వినిపిస్తుంది. వాన పడితే మాత్రం అందరం ఒకే మూలకు చేరుతాం.

మా ఆట పక్కింటి తుషార్ ఆడుతున్నాడా? నేనే వాడి ఫోన్లో వేసి వచ్చాను. నీ గొంతు అందులో ఒక్క సీనులో వస్తుందని చెబితే, "వదినా, పెద్దమ్మ ఏడుపు వినేతందుకైనా ఆడుత" అన్నాడు. వాళ్ళమ్మ ఇందు అత్తను అడిగానని చెప్పు.

ఫోన్ ఎత్తకపోతే ఎత్తకపోయావు, ఉత్తరమైనా రాయి.

నీ సారిక

*

నాందేడ్,
23 జూలై 2025

సారికకు అత్త ఆశీస్సులు.

ఉత్తరం చేరింది. నీ రాత ఇంకా పిండిలో రాసినట్టే ఉంది. ఇక్కడ అందరం క్షేమం అని మొదటి వాక్యం రాయాలని బోధన్ బడిలో మా పంతులు నేర్పాడు. ఏడో తరగతి దాకా అక్కడ అమ్మమ్మ ఇంట్లో ఉండి చదివిందంతా గుర్తుంది. కానీ ఆ వాక్యం ఈసారి రాయలేను, వదిలేస్తున్నాను.

ఫోన్ ఎందుకు ఎత్తడం లేదో చెబుతాను. జూన్ ఇరవయ్యో తేదీ సాయంత్రం నేను మోంఢాలో పసుపు కొమ్ములు ఏరి వచ్చి, గుమ్మంలో కాళ్ళు కడుక్కుంటున్నాను. పక్కింట్లోంచి శోకం వినిపించింది. ఎవరు పోయారా అని చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. ఆ గొంతు నాదే. నేను ఇక్కడ ఉన్నాను, నా గొంతు ఇందుబాయి ఇంట్లో ఏడుస్తోంది. "ఓ తుషారూ, నన్నిడిసి ఎటు పోతివిరో తుషారూ." అవే మాటలు, అదే సాగదీత. మధ్యలో ఊపిరి తెగే చోటు కూడా నాదే.

ఇందుబాయి నల్లా దగ్గర నుంచి నీళ్ళతో వస్తోంది. విన్నది. బిందె అక్కడే పడేసి "నా కొడుకా" అని లోపలికి ఉరికింది. వాడు మంచం మీద కూర్చుని నవ్వుతున్నాడు. "అమ్మా, ఆటల నేను సచ్చిపోయిన. పెద్దమ్మ ఏడుస్తున్నది సూడు" అన్నాడు. ఆట మొదట్లో పేరు అడుగుతుందట. తన పేరే ఇచ్చాడట. ఆటలో చచ్చిపోయిన ప్రతిసారీ ఒక ముసలామె వచ్చి తలదగ్గర కూర్చుని ఆ పేరుతో శోకం తీస్తుందట.

ఇందుబాయి బయటికి వచ్చి, తడికాళ్ళతో నిలబడ్డ నన్ను చూసింది. "గిదేంది చంద్రక్కా? నా కొడుకు బతికుండంగనే శోకం తీసినవా?" అంది. ముప్పై ఏళ్ళుగా ఒకే గోడకు అటూ ఇటూ ఉన్నాం. ఆ గోడ మీదుగా కూర గిన్నెలు పోయాయి, వచ్చాయి. నేను ఏమి చెప్పాలి? గొంతు నాది కాదని ఎలా చెప్పాలి?

నీకు తెలుసు, అయినా రాస్తున్నాను. మనవాళ్ళలో ఎవరైనా పోతే, శోకం తీయడం వచ్చిన ఆడమనిషి వచ్చి తలదగ్గర కూర్చోవాలి. పోయినవాళ్ళను పేరు పెట్టి పిలిచి, వాళ్ళ బతుకంతా చెప్పి ఏడవాలి. అప్పుడే మిగతావాళ్ళకు ఏడుపు వస్తుంది. ఈ బస్తీలోనూ, దెగ్లూర్ దగ్గర మన ఊళ్ళోనూ నేనే తీస్తాను. దానికి ఎవరి దగ్గరా ఏమీ తీసుకోలేదు. ఒక్కటే కట్టుబాటు, బతికున్నవాళ్ళ పేరు శోకంలో రాకూడదు. చిన్నప్పుడు బొమ్మకు మా పెదనాన్న కూతురి పేరు పెట్టి, అది చచ్చిపోయిందని ఆటకు ఏడిస్తే మా అమ్మమ్మ చెంప పగలగొట్టింది.

ఆ రోజు తర్వాత బస్తీలో ఇద్దరు పోయారు. నన్ను పిలవలేదు. నేను ఇంటి ముందు నుంచి పోతుంటే పిల్లలను లోపలికి లాక్కుంటున్నారు.

ఒక్క సీను అన్నావు సారికా. ఎంతకు అమ్మావని అడగను. ఎందుకు అమ్మావని అడుగుతున్నాను.

సమ్మె మాట కూడా నాకు నచ్చలేదు. మీ మామ పనిచేసిన మిల్లులో సమ్మె జరిగినప్పుడు తొంభై రోజులు గేటు ముందు కూర్చున్నాడు. చివరికి గేటు మిగిలింది, మిల్లు లేదు. తర్వాత మోంఢాలో బస్తాలు మోశాడు. జీతం పెంచమని కూర్చుంటే వద్దు, లేచి పనికి పో.

ఫోన్ చేయకు. నా గొంతు ఒకసారి అందులోకి పోయి తిరిగి రాలేదు.

అత్త

*

పుణె,
2 ఆగస్టు 2025

అత్తా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నేను అమ్మలేదు. ఆ మాట మాత్రం అనకు.

మేం కూర్చున్నది జీతం కోసం కాదు, సరిగ్గా నీకు జరిగిన దాని కోసమే. ఏఐ అని ఒక మెషీన్ ఉంది. ఒక మనిషి గొంతు దానికి కాసేపు వినిపిస్తే, ఆ గొంతుతో ఆ మనిషి అనని మాటలు కూడా అంటుంది. రెండేళ్ళ కిందట దీపావళి తర్వాత నేను నాందేడ్ వచ్చి, గోడలకు బొంతలు కట్టి, ఫ్యాను ఆపి నీ శోకం రికార్డు చేశాను కదా. ఇందు అత్త బయట కూర్చుని వీధిలో ఎవరూ అరవకుండా కాపలా కాసింది. అది నిజంగా ఒక్క సీను కోసమే. తర్వాత మాకెవరికీ తెలియకుండా దాన్ని మెషీన్‌కు ఇచ్చారు.

నువ్వొక్కదానివే కాదు. సాతారా నుంచి వచ్చి కత్తియుద్ధం చేసి చూపించిన ఒకాయన ఉన్నాడు. ఆయన ఒళ్ళు కదిలిన తీరంతా ఇప్పుడు మెషీన్ దగ్గర ఉంది, ఆయనకు పని లేదు. అడగకుండా ఎవరి గొంతూ, ఎవరి కదలికా మెషీన్‌కు నేర్పకూడదని, నేర్పినవి తీసేయాలని అడుగుతున్నాం.

నువ్వొక సాయం చెయ్యి. ఇందులో ఒక కాగితం పెట్టాను. నాందేడ్ కోర్టు దగ్గర నోటరీ ఉంటాడు, అతని ముందు సంతకం పెట్టి పంపు. 'నా అనుమతి లేకుండా నా గొంతు వాడారు' అని మరాఠీలో రాసి ఉంది, అంతే. అది చేతికొస్తే కంపెనీకి జవాబు ఉండదని ప్రాజక్త అంటోంది.

తుషార్‌కు ఏమీ కాదు అత్తా. అది ఉత్త ఆట. అలా చూస్తే దేశంలో లక్షమంది పేర్లతో ఏడ్చింది ఆ మెషీన్, లక్షమందీ బాగానే ఉన్నారు. ఇందు అత్తకు నవ్వుతూ చెప్పు, ఆమే నవ్వేస్తుంది.

సారిక

*

పుణె,
16 ఆగస్టు 2025

అత్తా,

నీ కాగితం ఇంకా రాలేదు. పోస్టులో ఉందేమో. ఇంతలో ఇంకో మాట గుర్తొచ్చి రాస్తున్నాను.

మాకు సాక్ష్యం కావాలి. తుషార్‌ను పిలిచి, తన పేరు పెట్టి ఆట ఆడి, నీ గొంతు వాడికోసం ఏడ్చేటప్పుడు ఇంకో ఫోన్‌తో వీడియో తీయమను. వాడి మొహం కూడా కనబడాలి. బతికున్న మనిషి ముందే వాడి పేరుతో శోకం వినిపిస్తుంటే చూసినవాళ్ళకు ఒళ్ళు జలదరించాలి. నేను ఫోన్ చేస్తే వాడూ ఎత్తడం లేదు. నువ్వు నేర్పావా ఏంటి?

నిన్న జెండా పండుగకు మేం టార్పాలిన్ కిందే జెండా ఎగరేశాం. కాపలావాళ్ళు కూడా వచ్చి మాతో పాటు నిలబడి లడ్డూ తిన్నారు. మనం గెలుస్తామనిపిస్తోంది అత్తా.

సారిక

*

నాందేడ్,
17 ఆగస్టు 2025

సారికా,

నువ్వు పంపిన కాగితం అలాగే తిప్పి పంపుతున్నాను. అనుమతి లేకుండా అని అందులో ఉంది. ఆ రోజు నువ్వు చూపించిన చోట సంతకం పెట్టింది నేనే. ఇంగ్లీషులో ఏముందో అడగలేదు, నువ్వు చూపించావు కాబట్టి పెట్టాను. పెట్టి పెట్టలేదని నోటరీ ముందు చెప్పలేను.

తుషార్ పోయాడు.

పదమూడో తేదీ. ముద్ఖేడ్‌లో సవారీలను దింపి ఖాళీ ఆటోతో తిరిగి వస్తున్నాడు. మూడు రోజులుగా ఒకటే వాన. రోడ్డు మీద ఆటో జారి ఎదురుగా వస్తున్న ట్రాక్టర్ ట్రాలీ కిందికి పోయింది. సర్కారు దవాఖానకు తీసుకుపోయేటప్పటికే అయిపోయింది. ఇరవై నాలుగేళ్ళు.

మరునాడు పొద్దున ఇంటికి తెచ్చారు. వాడు నా చేతుల్లో పెరిగాడు, వాడికి మొదట జ్వరం వచ్చినప్పుడు తడిబట్ట వేసింది నేను. నేను పోయాను. ఇందుబాయి లేచి వచ్చి గుమ్మానికి అడ్డంగా చెయ్యి పెట్టింది. అరవలేదు. మెల్లగా అంది. "నువ్వు ముందుగాలనే ఏడ్సినవ్ గద చంద్రక్కా. ఇంకేం మిగిలింది?"

నేను వెనక్కి తగ్గి నా గుమ్మంలో కూర్చున్నాను. లోపల శోకం తీసేవాళ్ళు ఎవరూ లేరు. ఆడవాళ్ళంతా కొంగులు నోట్లో కుక్కుకుని కూర్చున్నారు. వాడిని పేరు పెట్టి ఎవరూ పిలవలేదు. అలాగే ఎత్తుకుపోయారు. నేను వెనకే మూలమలుపు దాకా నడిచాను. అక్కడి నుంచి మగవాళ్ళు గోదావరి ఘాట్‌కు పోయారు, నేను తిరిగొచ్చాను. నేనే రాస్తానని మీ బాపును నీకు ఫోన్ చేయనివ్వలేదు.

నీ మెషీన్ వల్ల ఆటో జారిందని నేను అనడం లేదు, వాన వల్ల జారింది. కానీ ఇందుబాయి అలా అనుకుంటే, నేను ఏ మొహంతో కాదనాలి?

అత్త

*

పుణె,
30 ఆగస్టు 2025

అత్తా,

పదహారో తేదీన నేను రాసిన ఉత్తరం నీకు చేరి ఉంటుంది. నీ ఉత్తరం, నాది దారిలో ఒకదాన్నొకటి దాటిపోయాయి. దాన్ని చించెయ్. వాడి మొహం కనబడాలి అని రాశాను. అప్పటికే వాడు పోయి మూడు రోజులు. ఇందు అత్త చూడకుండా చించెయ్.

నిన్న రావడానికి బస్టాండ్ దాకా వెళ్ళాను. నాందేడ్ బస్సు ముందు నిలబడ్డాను, ఎక్కలేకపోయాను. ఇందు అత్త నా మొహం చూస్తుందని భయమేసింది.

నీకొక అబద్ధం రాశాను. మాకెవరికీ తెలియకుండా మెషీన్‌కు ఇచ్చారని రాశాను కదా, అది అబద్ధం. మిగతావాళ్ళకు తెలియదు. నాకు తెలుసు.

నీ శోకం నలభై నిమిషాలు. దాన్ని ముక్కలు చేసే పని నాకే ఇచ్చారు, నీకు భాష తెలుసు కదా అన్నారు. ఎక్కిళ్ళు ఒకచోట, ఊపిరి ఒకచోట, 'అయ్యో' అన్నవన్నీ ఒకచోట. ఒక్కో ముక్కకు దుఃఖం ఎంత ఉందో ఒకటి నుంచి ఐదు దాకా అంకె వేయాలి. మామ చెప్పులు గుమ్మంలోనే ఉన్నాయని నువ్వు ఏడ్చిన చోట ఐదు వేశాను. రెండు వారాలు పట్టింది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని అదే వింటూ టిఫిన్ కూడా తిన్నాను.

పేరు వచ్చిన ప్రతిచోటా కత్తిరించి ఖాళీ ఉంచమన్నారు. నువ్వు మారోతి మామ పేరు పదకొండుసార్లు పలికావు. పదకొండూ కత్తిరించాను. ఎందుకని అడిగితే, ఆడేవాళ్ళ పేర్లు పెట్టడానికి అన్నారు. అంటే ఆ రోజే నాకు తెలుసు. బతికున్నవాళ్ళ పేర్లు శోకంలో రాకూడదని నువ్వు చెప్పిందీ, బొమ్మ కథా గుర్తున్నాయి. పని కొత్త. ఆట బాగా వస్తోందని అందరూ సంబరంగా ఉన్నారు. ఇదంతా పాతకాలపు భయం అని నాకు నేనే చెప్పుకున్నాను.

ఆటను తుషార్ ఫోన్లో వేసిందీ నేనే.

నన్ను తిట్టు. బాపుకు కూడా చెప్పు. కానీ రాయడం మానకు.

సారిక

*

నాందేడ్,
8 అక్టోబర్ 2025

సారికా,

నెల దాటింది. రాద్దామని మూడుసార్లు కూర్చుని లేచాను. కోపం లేదని మొదలుపెట్టి కొట్టేశాను, ఎందుకంటే ఉంది. పెద్దగానే ఉంది. అయినా నిజం రాసినదానికి జవాబు రాయకపోతే, నీకు రాయడం నేర్పి ఏం లాభం?

ఆ రోజు గోడలకు బొంతలు కట్టి నువ్వు "ఏడువు అత్తా" అన్నప్పుడు, "ఎవరు పోయారు?" అని అడిగాను. "ఎవరూ పోలేదు, ఊరికే" అన్నావు. ఊరికే శోకం రాదు. ఎవరో ఒకరు పోయి ఉండాలి, పేరు ఉండాలి. అందుకని మీ మామ శోకమే మళ్ళీ తీశాను.

నీకు ఒక సంగతి తెలియదు. పెళ్ళయిన నాటి నుంచి నేను ఆయన పేరు పలకలేదు. మనవాళ్ళలో పలకరు. రేషన్ కార్డు ఆఫీసులో మొగుడి పేరేంటని అడిగితే పక్కనున్న ఇందుబాయి చెప్పేది. ఆయనను పిలవాలంటే "ఇగో" అనేదాన్ని, లేదా గిన్నె చప్పుడు చేసేదాన్ని. ఇరవై తొమ్మిదేళ్ళు అలా గడిచాక, పోయిన రోజు తలదగ్గర కూర్చుని పేరు పెట్టి పిలిచాను. శోకంలో పిలవచ్చు. ఆ రోజు నాకు ఎంత ఏడుపో, ఆ పేరు నోటికి వచ్చినందుకు లోపల అంత చల్లదనం. ఎవరికీ చెప్పలేదు. నువ్వు రికార్డు చేసిన రోజు మళ్ళీ పలికాను. నిజం చెప్పనా, నీ ఆట కోసం కాదు నేను ఒప్పుకున్నది. ఇంకోసారి ఆయన పేరు పలకవచ్చని ఒప్పుకున్నాను.

నువ్వు కత్తిరించింది అది.

ఇందుబాయి ఇంకా మాట్లాడదు. నల్లా దగ్గర నేను వెళ్తే బిందె నిండకుండానే తీసుకుపోతుంది. సోయాబీన్ వానకు నల్లబడింది, మోంఢాలో పని తక్కువ. పంట కొనే అడత్ దుకాణం బాబురావ్ రెండు రోజులకు ఒకసారి రమ్మంటున్నాడు.

మీవాళ్ళ కాగితం మీద సంతకం పెట్టను కానీ, నా కాగితం నేనే రాసి ఇందులో పెట్టాను. పనికొస్తే చదివి వినిపించు. ఇంతే ఉంది అందులో:

"సంతకం నాదే. నన్ను ఎవరూ బలవంతం చేయలేదు. నేను ఇచ్చింది నా మొగుడి శోకం. అది ఒక్క మనిషిది. దాన్ని వేరేవాళ్ళకు తొడగమని నేను ఇవ్వలేదు. తుషార్ పేరు అందులో పెట్టమని నన్ను అడిగి ఉంటే, వాడు నా బిడ్డ, పెట్టవద్దు అని చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు. నా గొంతు నాకు తిరిగి ఇవ్వండి. — చంద్రభాగ, నాందేడ్."

వానలో కూర్చోకు. నీకు చిన్నప్పటి నుంచి ఛాతీలో పట్టేస్తుంది.

అత్త

*

పుణె,
15 నవంబర్ 2025

అత్తా,

గెలిచాం అని రాయాలో, అయిపోయింది అని రాయాలో తెలియడం లేదు.

నీ కాగితాన్ని నేను మరాఠీలో చదివాను. ప్రాజక్త మైకు పట్టుకుంది. సాతారా కత్తియుద్ధం ఆయన టార్పాలిన్ గుంజ పట్టుకుని వెనక్కి తిరిగి నిలబడ్డాడు. అది పేపర్లో వచ్చింది. తర్వాత కంపెనీవాళ్ళు మాటలకు పిలిచారు. తెలిసి ఒప్పుకోని వాళ్ళ గొంతులు, కదలికలు మెషీన్‌లోంచి, ఆటలోంచి తీసేస్తారు. ఇక మీద రాతపూర్వకంగా, వాళ్ళ భాషలో అడగాలి. డిసెంబర్ ఒకటో తేదీ నుంచి నీ గొంతు ఆ ఆటలో ఎక్కడా ఉండదు. ఎవరి పేరుతోనూ ఏడవదు. నీకు నేను తిరిగి తెచ్చి ఇవ్వగలిగింది ఇంతే.

దానికి బదులు మాలో ఆరుగురిని తీసేశారు. అందులో నేనున్నాను. ప్రాజక్త కూడా. నీ మిల్లు మాట గుర్తొచ్చింది. గేటు అక్కడే ఉంది, మేం లేం. బాధ లేదని రాయను. కానీ ఆ హెడ్‌ఫోన్లు మళ్ళీ పెట్టుకోలేను.

ఇంకొకటి ఉంది. నువ్వు ఎలా చెబితే అలా చేస్తాను. కత్తిరించిన పేర్లను మెషీన్‌కు ఇవ్వలేదు. వాళ్ళకు అవి అక్కర్లేదు, పారెయ్యమన్నారు. పది చెరిపేశాను. ఒకటి ఎందుకో చెరపలేదు, నా దగ్గర దాచుకున్నాను. చివర్లో మెల్లగా పలికావు చూడు, అది. మామ పేరు, నీ గొంతు, ఒక్క మాట. దాని ముందూ వెనకా ఏమీ లేదు. ఉంచుకోమంటావా, చెరిపేయమంటావా?

ఇందు అత్తకు చెప్పు, ఆ గొంతు ఇక వినిపించదని. ఆమెకు కాస్త ఊరటగా ఉంటుందేమో.

సారిక

*

నాందేడ్,
11 డిసెంబర్ 2025

సారికకు అత్త ఆశీస్సులు.

ఇందుబాయికి నేనేమీ చెప్పలేదు. చెప్పడానికి మాటలు లేవు కదా మా మధ్య. ఆమే వచ్చింది.

రెండో తేదీ పొద్దున తలుపు కొట్టింది. నాలుగు నెలల తర్వాత. చేతిలో తుషార్ ఫోన్. లోపలికి వచ్చి, ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చుంది.

"చంద్రక్కా, ఆగిపోయింది" అంది.

ఏం ఆగిందని అడిగాను.

"నీ గొంతు. రోజు పొద్దుగాల ఇంటున్న. నిన్నటి సంది అస్తలేదు. ఆ ముసల్ది అచ్చి కూసుంటది, నోరు తెరుస్తది, ఏం అంటలేదు. ఖరాబైందా అక్కా? ఎవలకు సూపియ్యాలె?"

ఆ ఆటను ఆమె రోజూ పెట్టుకుంటోందట. ఆడటం రాదు. కత్తి పట్టడం, గుర్రం ఎక్కడం ఏదీ తెలియదు. చావడం మాత్రం నేర్చుకుంది. ఆట మొదలవగానే శత్రువుల మధ్యకు నడిపించి నిలబెడుతుంది, వాళ్ళు కొట్టేస్తారు, అప్పుడు నా గొంతు వచ్చి తుషార్ పేరుతో ఏడుస్తుంది. వాడు పోయిన పదో రోజు నుంచి ఇదే. గోడకు ఇటువైపు నాకు ఒక్కసారి కూడా వినిపించలేదు. చెవికి ఆనించుకుని, కొంగు కప్పుకుని వినేదట.

"నిన్ను ఇంట్లకు రానియ్యకపోతిని. నా కొడుకు పేరు ఎవలు తియ్యకపోయిరి. అది ఒక్కటే తీస్తుండె. ఇప్పుడు అది కూడ లేదు" అంది.

నువ్వు పెట్టించావని తిట్టుకున్న నోటితో, తీసేయించావని నిన్ను ఏమనాలి? అందుకే ఏమీ అనడం లేదు. నువ్వు చేసింది సరైనదే. ఇందుబాయి ఏడ్చిందీ నిజమే.

"పోదాం పద" అని ఆమె ఇంటికి వెళ్ళి వాడి ఫోటో ముందు కూర్చున్నాను. శోకం తీద్దామని నోరు తెరిచాను. "ఓ తుషారూ" అన్నాను. అది ఫోన్లో గొంతులాగే ఉంది. ఆ సాగదీత, ఆ ఊపిరి తెగే చోటు. ఇందుబాయి ఎన్ని వందలసార్లు విన్నదో అచ్చం అదే. నేను దాన్ని చూసి నేర్చుకున్నట్టుంది. రెండోమాట రాలేదు. ముప్పై ఏళ్ళలో మొదటిసారి నోరు తెరిచి మూసుకున్నాను.

తర్వాత ఇందుబాయి మొదలుపెట్టింది. ఆమెకు శోకం తీయడం రాదు, ఎప్పుడూ వెనక కూర్చుని ఏడ్చే మనిషి. రాగం లేదు, ఎక్కడ ఊపిరి పీల్చాలో తెలియదు. "ఎర్ర ఆటో తెస్తివి కొడకా. ఎనకాల నా పేరు రాపిస్తివి. చింతపులుసు ఉప్పగైందని గిన్నె నూకేస్తివి, మల్ల నువ్వే ఎత్తుకుని తింటివి. ఆ పొద్దు నేను తిట్టి పంపిస్తి కొడకా, తిట్టే పంపిస్తి." అదంతా మెషీన్‌కు తెలియదు, నాకూ తెలియదు. తిట్టి పంపిన సంగతి ఈ నాలుగు నెలలు ఎవరికీ చెప్పలేదు.

అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. శోకం కాదు, ఉత్త ఏడుపు. మాటలు లేకుండా, ముక్కు కారుతూ, చిన్నపిల్లలు ఏడ్చినట్టు. ఆమె నా వీపు నిమిరింది.

ఇప్పుడు బస్తీలో మళ్ళీ పిలుస్తున్నారు. మొన్న వెంకట్రావ్ తల్లి పోతే కబురొచ్చింది. వెళ్ళాను, వెనక కూర్చున్నాను. తీయమన్నారు. రావడం లేదని చెప్పాను. నా గొంతును అడిగి తెచ్చావు, చేరింది. కానీ శోకం దానితో రాలేదు.

నీ ప్రశ్నకు జవాబు. మీ మామ పేరు నేను శోకంలోనే పలకగలను. బయట పలకలేను, ఇది రాసేటప్పుడు కూడా రాయలేకపోతున్నాను. ఇక శోకం రాదు కాబట్టి ఆ పేరు నా నోటికి రాదు. ఎక్కడైనా మిగిలితే నీ దగ్గర మిగిలిందే.

చెరపకు. ఆదివారం పొద్దున పది గంటలకు ఫోన్ చెయ్, ఎత్తుతాను. నేనేమీ మాట్లాడను, నువ్వూ మాట్లాడకు. అది వినిపించు. ఇందుబాయి నా పక్కన ఉంటుంది.

అత్త